వెళ్లొస్తానన్న మాటకు ఇంగ్లీషు

నేను ఇంగ్లీషు నేర్చుకున్నది మిరపకాయల గోదాములో. ఇప్పటికీ ఎవరైనా గుడ్ మార్నింగ్ అంటే నాకు తుమ్మొస్తుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నా.

ఎనభైల్లో మాట. నేనప్పుడే ఇంటర్ పాసయ్యాను. నాన్న లేడు. అమ్మ గుంటూరు శివార్లలో ఒక మిర్చి గోదాములో తొడిమలు తీసే పనికి వెళ్లేది. కాయ తొడిమ తుంచాలి, రంగుపోయిన తాలుకాయను పక్కకు ఏరాలి, మంచికాయను గంపలో వెయ్యాలి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే పని. ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకున్నా ఘాటు ఊరుకుంటుందా? అమ్మకు దగ్గు పట్టుకుంది. ఏ మందుకీ లొంగని దగ్గు. మిషన్ ఆసుపత్రిలో నాకు నర్సింగ్ సీటొస్తే అమ్మను ఆ ఘాటులోంచి బయటికి లాగొచ్చు. రాకపోతే అమ్మ పక్కనే నాకూ ఒక గంప వేస్తారు. నా బతుకంతా ఆ సీటు కోసం పెట్టే ఇంటర్వ్యూ మీదే ఉంది.

ఇంటర్వ్యూ ఏమో ఇంగ్లీషులో. నాదేమో తెలుగు మీడియం. ఇంగ్లీషులో వ్యాసం రాయమంటే బట్టీపట్టి రాసేస్తాను గానీ, ఎదురుగా మనిషి నిలబడి పేరడిగితే నోరు పెగిలేది కాదు. మా చర్చి పాస్టరమ్మగారు జాలిపడి రోజూ సాయంత్రం నాలుగు మాటలు నేర్పేవారు. మే ఐ కమిన్ మేడమ్, ప్లీజ్ సిట్ డౌన్, వేర్ ఈజ్ ద పెయిన్. సెలవులు కదా, మర్నాడు అమ్మతో గోదాముకెళ్లి తొడిమలు తీస్తూ వాటిని వల్లెవేసేదాన్ని.

వల్లె వెయ్యనిస్తేగా! అక్కడి ఆడవాళ్లందరూ నాకు ఇంటర్వ్యూ చేసే మేట్రన్‌లే. అమ్మ గంప బోర్లించి దానిమీద కూర్చుని "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని గద్దించేది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు అంతే. నేను కాస్త తడబడితే చాలు, నాలుగు పక్కల నుంచీ తొడిమలొచ్చి నెత్తిన పడేవి.

"నేను చెప్పేది తప్పో ఒప్పో నీకెట్టా తెలుసమ్మా?"

"తప్పొప్పులు పాస్టరమ్మగారు చూసుకుంటారు. నువ్వు ఆగితే నాకు తెలవదా? ఆగకుండా చెప్పు!"

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. గంపను ఒక్క తన్ను తన్ని లేచిపోయేదాన్ని. వేరే దిక్కులేక మళ్లీ నేనే వచ్చి కూర్చునేదాన్ని.

ఒకరోజు పాస్టరమ్మగారు ఇంటర్వ్యూ అయిపోయాక లేచి ఏం చెప్పాలో నేర్పారు. "థాంక్యూ మేడమ్, ఐ యామ్ గోయింగ్." గోదాములో అప్పజెప్పాను. అర్థమేంటని అమ్మ అడిగింది. వెళ్తున్నానండీ అని అర్థం, అన్నాను.

అమ్మ చేతిలో కాయ కింద పడేసింది. "వెళ్తున్నా ఏంటే, నోట్లో నుంచి మంచిమాటే రాదా? గడప దాటేటప్పుడు ఎవరన్నా వెళ్తున్నా అంటారా? వెళ్లొస్తానని చెప్పాలి. వస్తానని నువ్వే అనకపోతే సీటెట్టా వచ్చిద్దే?"

గోదాములో అందరికన్నా పెద్దావిడ ఒకామె ఉండేది. ఆమె గుడ్డ కిందకి లాక్కుని, "ఓసి పిచ్చిమొహమా, అది ఆసుపత్రే! ఆసుపత్రిలో వెళ్లొస్తా అంటే రోగంతో తిరిగొస్తాం. అక్కడ వెళ్తున్నా అనే అనాల" అంది.

ఇక చూడండి నా అవస్థ. గోదాము రెండు జట్లయింది. సీటు రావాలంటే వస్తాననాలని సగంమంది, ఆసుపత్రి గనక అనకూడదని సగంమంది. తొడిమలు మానేసి మరీ వాదించుకున్నారు. సాయంత్రం అమ్మే పాస్టరమ్మగారి దగ్గరికొచ్చి తేల్చమంది.

"ప్రభువును నమ్మినవాళ్లకు శకునాలేంటమ్మా!" అని ఆవిడ కసిరారు. "అసలు వెళ్లొస్తానన్న మాటే ఇంగ్లీషులో లేదు."

"లేకపోతే మనం పెడదాం అమ్మగారూ. మంచిమాటంటే ప్రభువు మాత్రం వద్దంటాడా?" అంది అమ్మ.

ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకూ ఆగలేదు. ఆగితే తొడిమలు పడతాయన్న భయం ఒంట్లో ఉంది మరి. అంతా అయ్యాక లేచి తలుపు దాకా వెళ్లాను. బయట వరండా బెంచీ మీద అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతోంది. వెనక్కి తిరిగాను.

"ఐ విల్ గో అండ్ కమ్, మేడమ్."

మేట్రన్‌గారి పక్కనున్న డాక్టరుగారు ఫక్కున నవ్వారు. మేట్రన్‌గారు మాత్రం నవ్వలేదు. ఆవిడది కేరళ. కళ్లజోడు మీద నుంచి చూసి, "గో అండ్ కమ్, చైల్డ్" అన్నారు. వాళ్ల మలయాళంలోనూ గడప దాటేవాళ్లు అట్లాగే చెప్పాలట. ఆ సంగతి నేను అక్కడ చేరాక ఆవిడే చెప్పారు.

చదువు పూర్తయి నేను డ్యూటీలో చేరాకే అమ్మ గోదాము మానింది. మానిన మొదటి చలికాలంలోనే ఊపిరితిత్తులకు నెమ్ము చేసి మా వార్డుకొచ్చింది. ఆయాసపడుతూ కూడా ఎగతాళి మానలేదు. "చూశావా, ఆ పెద్దావిడ చెప్పిందే నిజం. వస్తానని నువ్వన్నావు, మంచమెక్కింది నేను."

"నోర్మూసుకుని పడుకో" అని కసిరి బయటికొచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చాను. అంత భయం నా జన్మలో ఎరగను. ఈవిడ కోసమే కదా సీటు తెచ్చుకున్నది!

జ్వరం దిగింది. మెల్లగా కోలుకుంది. ఇంటికి పొమ్మన్న రోజు అమ్మ తల దువ్వుకుని, సంచీ చంకన పెట్టుకుని వార్డు గుమ్మం దగ్గరికొచ్చింది. మంచాల మీదివాళ్లంతా చూస్తుండగా నా ఎదురుగా నిటారుగా నిలబడింది.

"థాంక్యూ మేడమ్. ఐ యామ్ గోయింగ్."

ఎక్కడా ఆగలేదు.

వెళ్లిరామ్మా అన్నమాట అలవాటుగా నా నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్లతో అదిమిపట్టాను. ఎంత కోపమొచ్చినా కన్నతల్లిని ఏనాడూ పొమ్మనలేదు నేను. ఆరోజు అన్నాను.

"గో, అమ్మా. గో."