ఐపీలో పోని బాకీ

మైదుకూరులో మా ఆయనకు బట్టల అంగడి ఉండేది. వానలు వరుసగా మోసం చేశాయి. అరువుకు తీసుకున్న రైతులు తప్పించుకు తిరిగారు. కడప షావుకార్లు వచ్చి అంగట్లోనే కూర్చోవడం మొదలుపెట్టారు. చివరికి ఆయన కోర్టులో ఐపీ పెట్టాడు. దివాలా తీశానని ఒప్పుకుంటే అప్పులవాళ్లు ఇక మీద పడరని ఆశ.

దానికి ముందు ఆయన వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు మొగుళ్లకు తెలియకుండా కూడబెట్టుకున్నది మా అంగట్లో దాచుకునేవాళ్లు. నా కాసులపేరు అమ్మి, వాళ్లందరికీ పైసాతో సహా ఇచ్చేశాడు. సేల్స్ టాక్స్ బాకీ మాత్రం అలాగే వదిలేశాడు. అదీ ఐపీలో కొట్టుకుపోతుందని ఆయన ధీమా. నేను ఏడ్చాను గానీ అడ్డం పడలేదు.

కడపలో ఒక నూనె మిల్లులో గుమాస్తాగా చేరాడు. ఒంటి గది, ఇద్దరు పిల్లలు. కొన్నాళ్లు కడుపునిండా తిన్నాం. ఒక నెల జీతం సగమే చేతికొచ్చింది. టాక్స్ బాకీ తీరేదాకా నెలనెలా పట్టుకోమని మిల్లు యజమానికి తాఖీదు వచ్చిందట. ఇద్దరం వకీలు దగ్గరికి పరిగెత్తాం.

"ఐపీ షావుకార్ల బాకీకే పనికొస్తాదప్పా, సర్కారు బాకీకి కాదు. ముందు టాక్స్ కట్టి, ఆడోళ్ల దుడ్లు ఐపీలో రాసింటే ఈ పొద్దు నీ జీతం నీకుండేది" అన్నాడు వకీలు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. పిల్లలు ఆకలని ఏడ్చినప్పుడల్లా నీ మంచితనం వండి పెట్టమని దెప్పాను. వీధిలో వాళ్లు ఐపీ మనిషని నవ్వినా లెక్కచేయనివాడు నా మాటలకు చిక్కి సగమయ్యాడు.

అట్లాంటి రోజుల్లో మైదుకూరు నుంచి ఒక ముసలామె వెతుక్కుంటూ వచ్చింది. ఆమె దాచుకున్నది కూడా ఆయన అప్పట్లో తిరిగి ఇచ్చేశాడు. ఇప్పుడు కొడుకులు లాక్కుంటారని ఆమెకు భయం. కొంగుముడి విప్పి ఆయన ముందు పెట్టింది.

"నువ్వే దాచిపెట్టప్పా. ఇంగెవురినీ నమ్మలేను."

ఆయన చెయ్యి చాచి, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు.

"వద్దవ్వా. నా చేతికొచ్చిందంటే ఇది నాదే అంటారు సర్కారోళ్లు. నీకు మళ్లీ ఇయ్యలేను."

అంగడి మూసిన రోజు కూడా ఏడవని మనిషి ఆమె ఎదుట కూర్చుని ఏడ్చాడు. నాకు నా నోటి మీదే అసహ్యం వేసింది. ఆ డబ్బు నేను దాస్తానని చెప్పి తీసుకున్నాను.

ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ముసలామె డబ్బు ఉప్పుకుండ కింద అలాగే ఉంది.