గురజాలకు మోసుకెళ్ళిన ఫోటో

నేను పాకే వయసులోనే మా అమ్మ పోయింది. ఆమెను ఎరిగింది గోడమీది ఫోటోలోనే. రాళ్ళ క్వారీ దగ్గర ముగ్గురు ఆడోళ్ళు దిగిన చిన్న ఫోటో ఒకటుంటే, చూపు ఆనని మా అమ్మమ్మ వేలుపెట్టి చూపించిన మనిషిని స్టూడియోలో పెద్దది చేయించాం. అప్పటినించి దండ మార్చడం నా పనే. అమ్మతో కలిసి రాయి మోసిన నాగమ్మత్త గురజాలలో ఉందని మొన్న తెలిసింది. అమ్మ సంగతులు చెప్పగలిగింది ఇక ఆమె ఒక్కతే. ఉన్నపళాన బయల్దేరా.

పొద్దున ఏడింటికి నరసరావుపేటలో బస్సెక్కా. ఆడోళ్ళకి టికెట్టు సున్నా, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉండాలి. పెద్ద ఫోటో దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నా, చిన్నది కార్డుతో పాటు పర్సులో. నకరికల్లులో ఎక్కి పక్కన కూచున్నామె ఊరుకోదుగా.

"ఏందక్కా అది?"

"మా అమ్మ ఫోటో."

దుప్పటి తొలగించి చూసింది. "నీ పోలిక ఎంత వెతికినా లేదే!"

ఒళ్ళు మండింది. "నాది నాన్న పోలికలే," అని కిటికీ వైపు తిరిగా.

తొమ్మిదిన్నరకి గురజాల. స్టాండు దగ్గర ఇడ్లీ తిన్నా, చట్నీ కారం నషాళానికంటింది. ఆటోకి ముప్పై. నాగమ్మత్త వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. నేనెవరో చెప్పి, ఫోటో ముందు పెట్టి, "మా అమ్మ, అత్తా. దండ వాడకుండా చూసుకుంటా," అన్నా.

ఆమె చానాసేపు చూసి, గడ్డం మీది పచ్చబొట్టు తడుముకుంది. ఫోటోలోనూ అక్కడే ఉంది పచ్చబొట్టు.

"ఒసే, ఇది నేనే! బతికుండగానే దండేశావటే నాకు? అందుకేనేమో నెలనెలా జొరం!"

ఇన్నేళ్ళు మొక్కింది అమ్మకి కాదా? మరి అమ్మ ఏది? చిన్న ఫోటో తీసిచ్చా. ఆమె వేలు చివరన నిలబడ్డ పిల్ల మీద ఆగింది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆ మొహాన్ని నేనెన్నడూ సరిగా చూడనేలేదు.

"ఇదే మీ అమ్మ. ఫోటో ఆయన నవ్వొద్దు నవ్వొద్దంటుంటే ఇంకా నవ్వింది. తట్ట మోసేప్పుడూ అంతే."

ఇద్దరం ఏడ్చాం, గోంగూరన్నం తిన్నాం. "నా ఫోటో నాకియ్యి, నేను పోయాక మావాళ్ళకి పనికొస్తది," అని పెద్దది దాచుకుంది.

మూడింటి బస్సుకి తిరుగుప్రయాణం. ఒళ్ళో బరువు లేదు. మీ ఇళ్ళల్లో పాత ఫోటోలుంటే, ఎరిగినోళ్ళు ఉండగానే తీసుకెళ్ళి చూపించండి. కండక్టరు వస్తే పర్సులో చేతికందింది ఇచ్చా.

"చిన్నప్పటి ఫోటో కాదమ్మా, కార్డు," అన్నాడు. చివరన నవ్వుతున్న పిల్ల మీద వేలుపెట్టి, "ఇది నువ్వేగా?"

"మా అమ్మ," అన్నా.

కార్డు, కార్డు అని ఆయనంటుంటే నాకింకా నవ్వొచ్చింది.