నాలుగు గంటల ఫార్సీ

నా చిన్నప్పుడు రాజపాళయంలో సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు మిల్లు సంగు ఊదేది. షిఫ్టు మారిందని చెప్పే ఆ కూత వినగానే మా పెద్దమ్మ పాలగిన్నె పొయ్యి మీద పెట్టేది. కాసేపటికి మా పెద్దనాయన సైకిలు గోడకు ఆనించి, జుట్టులో చిక్కుకున్న దూది దులుపుకుని, కాళ్ళు కడుక్కుని నడవలో చాప మీద కూర్చునేవాడు. ఎదురుగా నేను కూర్చునేదాన్ని. పాలు కాగేలోపల నాకు ఫార్సీ వ్యాకరణం మొదలయ్యేది.

పెద్దనాయన మిల్లులో ఫిట్టరు. వయసులో ఉండగా ఇరాన్ వెళ్ళి, ఇస్ఫహాన్‌లో ఒక మిల్లుకు నూలు వడికే రింగు ఫ్రేములు బిగించి, అక్కడే చాలా ఏళ్ళు ఉండిపోయాడు. పెద్దమ్మను తీసుకువెళ్ళలేదు. చివరికి మా అవ్వ పోరు పడలేక తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ ఆ భాష కూడా వెంట తెచ్చుకున్నాడు గాని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మిల్లులో యంత్ర భాగాలకు ఇంగ్లీషు. ఫార్సీకి చోటు లేదు. వాళ్ళకు పిల్లలు లేరు. పక్కింట్లోనే ఉండే తమ్ముడి కూతురిని, నోరు ఎక్కువున్నదాన్ని, నేను దొరికాను. బళ్ళో గొప్ప చెప్పుకోవచ్చని ఒప్పుకున్నాను.

ఆయన నేర్పే పద్ధతి నాకు ఏడుపు తెప్పించేది. యంత్రాన్ని ముందు పూర్తిగా విప్పి, ఒక్కో భాగాన్నీ కిరోసిన్‌తో తుడిచి, వరసగా పరిచి, పేరు చెప్పించుకున్నాకే బిగించనిచ్చే మనిషి ఆయన. భాషనూ అలాగే విప్పాడు. వాక్యం అడిగితే ఇచ్చేవాడు కాదు. ఆ భాషలో ప్రతి క్రియకూ రెండు మొదళ్ళు ఉంటాయి. జరిగిపోయినదానికి ఒకటి, జరుగుతున్నదానికీ జరగమనేదానికీ ఇంకొకటి. వచ్చాడు అంటే ‘ఆమద్’. రా అంటే ‘బియా’. ఈ రెండింటికీ పోలికే లేదని నేను గొడవపడితే, “మనకు మాత్రం ఉండాదా? వచ్చినాడు అంటాం, రా అంటాం. ఆ రెండూ ఒక కడుపున పుట్టినట్టు ఉండాయా?” అనేవాడు.

వచ్చాడు అన్నా వచ్చింది అన్నా వాళ్ళకు ఒకటే మాట. అది నాకు అన్యాయంగా తోచింది. ఆడో మగో తెలియకపోతే వచ్చింది ఎవరని ఎట్లా తెలుస్తుందని అడిగాను. “వచ్చినాక లేచి చూడు పాపా, తెలుస్తుంది” అన్నాడు. క్రియ మనలాగే చివర వస్తుంది. అంతవరకు నయం. కాని మనం పెద్ద ఇల్లు అనేచోట వాళ్ళు ఇల్లు ముందు చెప్పి, పెద్ద అనే మాటను తర్వాత చెబుతారు. రెంటి మధ్యా ‘ఎ’ అనే ఒక చిన్న శబ్దం పెడతారు. దాన్ని నేను ప్రతిసారీ మింగేసేదాన్ని. ఆయన చొక్కా జేబులోంచి నూలు పోగు తీసి చూపించాడు. రింగు ఫ్రేములో నూలు తెగితే ముడి వేయరు. తెగిన కొసను పైనుంచి దిగే దూది పోగుకు తాకించి, పురితోనే అతికిస్తారు. అతుకు కంటికి కనిపించకూడదు, కాని లేకపోతే నూలు లేదు. ఆ ‘ఎ’ అలాంటిదని చెప్పాడు. నాకు అర్థమైంది. అయినా మింగేస్తూనే ఉన్నాను.

రెండేళ్ళు కావస్తున్నా నా దగ్గర ఉన్నవి భాగాలే. తళవాయిపురం నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలు ఒకరోజు అందరి ముందూ ఫార్సీలో ఏదైనా చెప్పమంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు అని అప్పజెప్పాను. “ఎవరే వచ్చిండేది? వచ్చి ఏం చేస్తారంట?” అని అది అడిగితే తరగతంతా నవ్వింది. ఆ సాయంత్రం పెద్దనాయన మీద విరుచుకుపడ్డాను. ఇది భాషా, మేకుల డబ్బానా అని అడిగాను. ఆయనకూ కోపం వచ్చింది. “ఈ ఊళ్ళో నాతో నాలుగు మాటలు మాట్లాడేదానికి ఒక్క మనిషి లేదు” అన్నాడు, నన్ను చూడకుండా. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. పాలు దించారనుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన కొంచెం దిగివచ్చి, ఒకే ఒక్క సందర్భానికి కావలసిన వాక్యాలు నేర్పాడు. అతిథి వచ్చినప్పుడు చెప్పేవి, వెళ్ళేటప్పుడు చెప్పేవి. ఇస్ఫహాన్ మిల్లులో ఆయనతో పనిచేసిన మేస్త్రీ ఒకడు యంత్రాలు చూడటానికి కోయంబత్తూరు వస్తున్నాడు, అక్కణ్ణుంచి మా ఊరికి వస్తానని కబురు చేశాడు. పెద్దనాయనకు అక్కడ కామెర్లు వచ్చినప్పుడు ఆ మేస్త్రీ తన ఇంట్లో పడుకోబెట్టుకుని, నెలల తరబడి కన్నబిడ్డలా చూశాడట. ఆ ఇంట్లోవాళ్ళు మొదటిరోజు గుమ్మంలో చెప్పిన స్వాగతాన్ని పెద్దనాయన మర్చిపోలేదు. దానికి బదులు ఇక్కడ అతనికి స్వాగతం చెప్పాలి, మళ్ళీ రమ్మని పంపాలి. అదొక్కటే ఆయన కోరిక.

వాళ్ళ దేశంలో అతిథి తనంతట తాను లేచి వెళ్ళిపోడు. సెలవిస్తారా అని ‘బా ఎజాజె’ అంటాడు. ఇంటివాళ్ళు అప్పుడే ఏమిటి, ఇంకాసేపు ఉండమనాలి. అతను మళ్ళీ అడగాలి, వీళ్ళు మళ్ళీ ఆపాలి. చివరికి ‘బాజ్ బియా’, మళ్ళీ రా, అని చెప్పి పంపాలి. ఆ మాట పడకపోతే అతిథి తాను రావడం ఆ ఇంటికి ఇష్టం లేదనుకుని వెళ్ళిపోతాడు. పెద్దవాళ్ళకైతే మనం రా బదులు రండి అన్నట్టు ‘బాజ్ బియాయీద్’ అనాలి. “వాడు కండిప్పా వస్తాడు, తప్పడు. ఆ పొద్దు నేను మిల్లులో ఉన్నా సరి, నువ్వు చెప్పాల” అని పెద్దనాయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

మేస్త్రీ వచ్చేలోపల పెద్దనాయన పోయాడు. మిల్లు నుంచి వచ్చి, సైకిలు ఆనించి, కాళ్ళు కడుక్కోబోతూ కూలిపోయాడు. ఇంతకన్నా దాన్ని గురించి రాయటానికి ఏమీ లేదు.

కర్మ ఇంకా కాలేదు. ఇల్లు నిండా సేత్తూరు చుట్టాలు ఉన్నారు. నాలుగు గంటల సంగు ఊదిన కాసేపటికి బస్టాండు నుంచి ఒక ఆయన, తెల్లటి పొట్టి గడ్డంతో, చేతిలో మిఠాయి డబ్బాతో మా వాకిట్లో నిలబడ్డాడు. ఎవరో చెప్పకముందే తెలిసిపోయింది. నేను ‘ఖోష్ ఆమదీద్’, స్వాగతం, అనబోయాను. మా అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

చావింట్లో రండి అనకూడదు. వచ్చినవాళ్ళను పలకరించకూడదు. వాళ్ళు వచ్చి కూర్చుంటారు, కాసేపుండి చెప్పకుండా లేచిపోతారు. పోయొస్తామని వాళ్ళూ అనరు, పోయిరండి అని ఇంటివాళ్ళూ అనరు. ఇది మాలో అందరికీ తెలిసిందే. ఆయనకు తెలియదు. పలకరింపు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు గోడ మీది పటం మీదా, దాని దండ మీదా పడ్డాయి. డబ్బా కింద పెట్టి, చెప్పులు విడిచి, వచ్చి చాప మీద కూర్చున్నాడు. పెద్దనాయన రోజూ కూర్చునే చాప అది.

చాలాసేపటికి నావైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. పెద్దనాయన ఉత్తరాల్లో నా గురించి చెప్పి ఉంటాడు. ఆ మాటల వేగం నాకిప్పటికీ గుర్తుంది. నేను తుడిచి వరసగా పరుచుకున్న భాగాలన్నీ నా ముందు గిర్రున తిరుగుతున్నాయి. అక్కడొక మొదలు, ఇక్కడొక ప్రత్యయం, మధ్యలో ఆ ‘ఎ’, అన్నీ గుర్తుపట్టగలను. ఒక్కటీ పట్టుకోలేను. ఇంత కష్టపడి నేర్చుకున్నది ఇందుకా అని పళ్ళు కొరుక్కున్నాను. చివర ఒక్క మాట మాత్రం చిక్కింది. ‘జాయష్ ఖాలీ’ అన్నాడు, చాపను అరచేత్తో తాకి. ఖాళీ మనదగ్గరా ఉన్న మాటే. ఆయన చోటు ఖాళీ అంటున్నాడని లోపలి గది వైపు చెప్పాను. పెద్దమ్మ తలుపు వెనక కూర్చుని ఉంది. కర్మ అయ్యేవరకు ఆమె ఆ గది దాటకూడదు.

మదురై బస్సుకు వేళయింది. ఆయన లేచి అవ్వకు చేతులు జోడించి, ‘బా ఎజాజె’ అన్నాడు. అవ్వ ముఖం గోడవైపు తిప్పుకుంది. మావాళ్ళయితే దాన్ని మర్యాద అనుకుంటారు. ఆయన ఒక అడుగు వేసి, ఆగి, నన్ను చూసి మళ్ళీ అదే మాట అన్నాడు. నా దగ్గర జవాబు ఉంది. ఒక్క తప్పు కూడా లేకుండా ఉంది. నోరు తెరవగానే అవ్వ గోళ్ళు నా చేతిలో దిగాయి.

“చుమ్మా ఉండు. దుఃఖం ఇంటికి మళ్ళీ రా అంటే అర్థం ఏమే? ఇంకో చావుకు రమ్మనా?” అంది.

అవ్వకు ఫార్సీ రాదు. కాని నేను ఏం చెప్పబోతున్నానో నా ముఖంలో చదివేసింది. ఆయన గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఒక పాదం తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా అలాగే వంగి ఉన్నాడు. ఇంకా ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. పెద్దనాయన కోరిక అంతా ఆ చెప్పు తొడుక్కునే వ్యవధిలో ఉంది. అది నా కళ్ళ ముందే అయిపోతోంది.

అప్పుడు లోపలి గది తలుపు దగ్గర నుంచి, “బాజ్ బియా” అని వినిపించింది.

పెద్దమ్మ గడప ఇవతలకు రాలేదు. తలుపు పట్టుకుని నిలబడి ఉంది. అన్నం వడ్డించేటప్పటి మామూలు గొంతుతో, తండ్రి వయసు మనిషిని పట్టుకుని, చిన్నపిల్లవాణ్ణి పిలిచినట్టు రా అంది. ఆయన నిటారుగా నిలబడి, కుడిచేయి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. వాకిలి దాటేవరకు మాకు వీపు చూపించకుండా వెనక్కే నడిచాడు.

“ఏం చెప్పినావే వాడికి?” అంది అవ్వ.

“ఏమీ లేదు అత్తా. బస్సు పోతుంది, బిరబిర పొమ్మన్నా.”

“ఆ, అది సరి” అంది అవ్వ.

కర్మ అయిపోయిన తర్వాత ఒకరోజు నేను పెద్దమ్మను పట్టుకున్నాను. అవ్వ తప్పేం చెప్పలేదని ఆమె ముందే అనేసింది. మన మాటలో చెప్పకూడనిది మన మాటలో చెప్పలేదు, రావలసిన మాట వచ్చినవాడికి ముట్టింది, అంతే. మరి ఎట్లా నేర్చుకున్నావని అడిగాను. “పాలు పొంగకుండా కండ్లు చూస్తాయి. చెవులకు ఏం పని?” అంది. రెండేళ్ళపాటు రోజూ నాలుగు గంటలకు, నాకు చెప్పిన ప్రతి పాఠమూ ఆమె గోడ అవతల నిలబడి విన్నది. నేను మింగేసే ఆ ‘ఎ’ కూడా ఆమెకు తెలుసు.

నాకు ఆనందం కలగలేదు, కోపం వచ్చింది. ఈ ఊళ్ళో మాట్లాడేందుకు ఒక్క మనిషి లేదని పెద్దనాయన అన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఎందుకు పలకలేదని అరిచాను.

“ఆయన నిన్ను అడిగినాడు పాపా. నన్ను అడగలా” అంది.

ఆ మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. తర్వాత ఫార్సీ వ్యాకరణాలు చాలానే చదివాను. పెద్దనాయన చెప్పినవన్నీ వాటిలో ఉన్నాయి, ఇంకా పద్ధతిగా ఉన్నాయి. చదివిన ప్రతిసారీ అసహనమే మిగిలింది. ఒక మనిషి తనకు వినేవాళ్ళు లేరని కుమిలిపోయాడు. వినే మనిషి ఒక గోడ అవతల పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఇద్దరికీ ఒకే భాష వచ్చు. అందుకే ఎవరికైనా ఏదైనా నేర్పేటప్పుడు నేను వంటింటి వైపు కూడా చూస్తాను. అడగవలసినవాళ్ళను అడిగానా అని చూసుకుంటాను. అన్నిసార్లూ కుదరలేదు.

ఆ రోజు నుంచి నేను ఊరు విడిచి ఎక్కడికి బయలుదేరినా పెద్దమ్మ గుమ్మంలో నిలబడి బాజ్ బియా అనేది. మేస్త్రీకి తక్కువైన ఆ మాట నాకు సరిగ్గా సరిపోయింది. కాలేజీకి వెళ్ళినప్పుడు, పెళ్ళయి వెళ్ళినప్పుడు, మొన్న వేసవిలో ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా అన్నది.

ఈ వానలకు ముందు ఆమె పోయింది. వచ్చినవాళ్ళు వెళుతూ వెళుతూ, “సరి అక్కా, వస్తాం, ఫోన్ చేయండి” అని చెప్పి మరీ వెళ్ళారు. వాళ్ళ మణికట్టు పట్టుకునే అవ్వ వయసు నాకే వచ్చింది. పట్టుకోలేదు. చెప్పకూడనిది అందరూ చెబుతున్నారు. చెప్పవలసినది నాకొక్కదానికే తెలుసు, చెబితే అర్థమయ్యేవాళ్ళు ఎవరూ లేరు.

మిల్లులో ఇప్పుడు సంగు ఊదరు. మా ఇంట్లో వెళ్ళేవాళ్ళకు ఎవరూ బాజ్ బియా అని చెప్పరు.