నమ్మదగినది, సరిపోతుంది

నాకు అక్షరాభ్యాసం బాసరలో చేశారు. ఎం.ఏ. అయిపోయి, కరీంనగర్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గర కౌన్సెలర్‌గా పనిచేస్తూ, మళ్లీ ఎంఫిల్ కోసం పుస్తకాలు ముందరేసుకుంటే మా అవ్వ ఆ సంగతే ఎత్తేది. "గా సరస్వతమ్మ నీకు చదువైతే ఇచ్చింది గని, ఒడువనిస్తలేదు బిడ్డా" అనేది, చదువు ముగియనివ్వడం లేదని. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే ఆ రెండేళ్ల శిక్షణ తప్పదు. సీట్లేమో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

రాతపరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూలో మనం స్వయంగా చూసిన కేసు ఒకటి చెప్పమంటారని ముందు వెళ్లొచ్చినవాళ్లు అన్నారు. నా దగ్గర కేసులకు కొదవలేదు, కానీ అన్నీ నిద్ర పట్టనివాళ్లు, తాగుడు మానలేనివాళ్లు, పరీక్షలంటే కాళ్లు వణికే పిల్లలు. ఇంకా గట్టిది, పుస్తకంలో ఉన్నట్టుండేది దొరికితే బాగుండునని నా ఆశ. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తుంది. ఎవరికో పెద్ద జబ్బు రావాలని కోరుకోవడమే కదా అది.

అనుకున్నట్టే దొరికింది. మా డాక్టరుగారు నెలకో ఆదివారం ఆదిలాబాద్‌లో క్యాంపు పెట్టేవారు. రోగి వెంట వచ్చినవాళ్లను అడిగి, ఎప్పటినుంచి, ఎట్లా మొదలైంది, అంతా కాగితం మీద పెట్టి ఆయన బల్ల మీదికి పంపడం నా పని. ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది: చెప్పినవాళ్ల మాట నమ్మదగినదేనా, సరిపోయేంత ఉందా? మా పనిలో అందరం దాని ఎదురుగా 'నమ్మదగినది, సరిపోతుంది' అని రాసి పారేస్తాం. నేనైతే కొన్నిసార్లు మనిషి కుర్చీలో కూర్చోకముందే రాసేసేదాన్ని.

ఆ రోజు నిర్మల్ దిక్కు పల్లెనుంచి ఓ అత్త తన కోడలిని తోలుకొచ్చింది. కొడుకు పెళ్లయిన ఆర్నెల్లకే గల్ఫ్ పోయాడు. రెండేళ్లయింది, ఇంకా రాలేదు. కోడలికి ఇరవై రెండో మూడో ఉంటాయి. కొంగు తలమీదుగా కప్పుకుని నేల చూస్తూ కూర్చుంది. చెప్పిందంతా అత్తే.

"మంచిగనే ఉండె మేడమ్. ఆర్నెల్ల సంది గిట్లయింది. పగటియాళ్ల కొట్టంల కూసోని బీడీలు చేస్తది. చేతులు చేతులే నడుస్తయి, నోరు నోరే నడుస్తది. పక్కకు ఎవ్వలుండరు. తనలో తనే ముచ్చటవెడ్తది, కిసుక్కున నవ్వుతది. నేను పోంగనే బందు. తాయెత్తు కట్టిచ్చిన, తగ్గలే. గోలీలకు గూడ తగ్గకపోతే తల్లిగారింటికి తోలిచ్చుడే. వాళ్ల పిల్ల, వాళ్ల ఫికర్."

అత్త పక్కన ఉండగానే కోడలిని అడిగాను. "ఎవరితో మాట్లాడుతున్నవమ్మా?"

"ఎవ్వలతోని మాట్లాడలే."

"చెవిలో ఎవరి మాటలన్నా వినపడతయా?"

ఆ పిల్ల ఉలిక్కిపడి కొంగు చెవుల మీదికి ఇంకా లాక్కుంది. "వినవడయ్" అంది.

నేను చకచకా రాసుకున్నాను. తనలో తాను మాట్లాడుతుంది, కారణం లేకుండా నవ్వుతుంది, అడిగితే అనుమానంగా చూస్తుంది, జబ్బు ఉందన్న స్పృహ లేదు. ఉందని ఒప్పుకుంటే జబ్బు, లేదంటే ఇంకా పెద్ద జబ్బు. అరకొరగా నేర్చినదాని చేతిలో మా శాస్త్రం అట్లాగే ఉంటుంది. హాలు నిండా జనం. డాక్టరుగారికి నా రాత మీద నమ్మకం. రెండు ప్రశ్నలు అడిగి నెలకు సరిపడా గోలీలు రాశారు.

తర్వాత సెలవుకు మందమర్రిలో మా ఇంటికి పోయినప్పుడు ఆ కేసును అందంగా తిరగరాసుకుని, అద్దం ముందు నిలబడి పైకి చదువుతున్నాను. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. చాయ్ తాగుతూ అంతా విన్నాడు.

"గా పిల్లను ఒక్కదాన్నే కూసోవెట్టి అడిగినవా?"

"వాళ్లత్త చెప్పింది గద బాపూ."

"బాయిల కప్పు మంచిగున్నదని పొద్దటి షిఫ్టోడు చెప్పి పోతడు. అయినా మేం కట్టెతోని కొట్టి, సప్పుడు ఇని, అప్పుడు కింద నిలవడేది."

బొగ్గుబాయి వేరు, మనిషి మనసు వేరు అని కసిరేశాను. చదువుకున్నదాన్ని కదా.

మరుసటి నెల క్యాంపుకు ఆ అత్తాకోడళ్లు మళ్లీ వచ్చారు. అత్త మొహం వెలిగిపోతోంది. కోడలు అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తోంది, చేతులు ఊగడం లేదు, పెదవి అంచున చొంగ. దాన్ని తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"ఇప్పుడు మంచిగున్నది మేడమ్" అంది అత్త. "నవ్వుతలేదు."

నాకు భయమేసింది. ఉద్యోగంలో చేరాక అంత భయం ఎప్పుడూ పడలేదు. బరువు చూడాలని చెప్పి అత్తను బయట కూర్చోబెట్టి, పిల్లను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాను. ఆ పిల్ల తలుపు గడియ పడిందా లేదా అని చూసుకుంది. తర్వాత మెల్లగా అంది, "అక్కా, గోలీలు బందువెట్టు. చెప్తా."

శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. మొగుడు తల్లి ఫోన్‌కు చేస్తాడు. స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. ఈమె వంతుకు వచ్చేది "తిన్నవా, పానం మంచిగున్నదా" అన్నంతసేపే. అందుకని అతను తిరిగొస్తున్న దోస్తు చేతికి ఖర్జూరాల సంచిలో చుట్టి ఇంకో ఫోన్ పంపాడు. పగటిపూట అతనికి అన్నం తినే విరామం. అప్పుడు ఈమె కొట్టంలో చాట ఒళ్లో పెట్టుకుని, కొంగు కింద చెవిలో వైరు పెట్టుకుని, బీడీలు చుడుతూ మొగుడితో మాట్లాడుతుంది. అతను ఏదో అంటే నవ్వుతుంది.

"మరి అత్తకు చెప్పొచ్చు గద?"

"ఫోన్ గుంజుకుంటది. పిచ్చిదంటే అననియ్యి అనుకున్న. గోలీ మింగితే గిట్లయితదని తెల్వది. మొన్న ఆయనతోని మాట్లాడుకుంటనే నిద్రవోయిన. ఏమన్నడో యాదికి లేదు."

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది. ఆమె చొంగ తుడిచి బయటికొచ్చి డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

"ఒంటరిగా ఎందుకు చూడలేదు?" అని, నేను నోరు తెరిచేలోపే, "నేనూ చూడలేదులే" అన్నారు.

గోలీలు తగ్గించి, రెండు వారాల్లో ఆపేలా రాశారు. ఫోన్ ఊసెత్తకుండా, ఇది పిచ్చి కాదు, మొగుడు దూరమున్న మనసు, గోలీలతో పనిలేదని అత్తకు చెప్పారు. ఆమె నమ్మలేదు. "మళ్ల నవ్వితే?" అంది. "నవ్వనియ్యమ్మా" అన్నారాయన. ఆమె కోడలి రెక్క పట్టుకుని పోయింది. మళ్లీ నవ్వు వినపడగానే ఆ పిల్లను తల్లిగారింటికి తోలేస్తుందని నెలంతా నాకు ఒకటే బెంగ. పుస్తకం పట్టుకుంటే ఒక్క ముక్క ఎక్కలేదు.

ఆ నడుమే ఇంటర్వ్యూ. ఆ కేసే చెప్పాను, నా తప్పుతో సహా. "అయితే ఆ అత్త అబద్ధం చెప్పిందంటావా?" అని అడిగారొకరు. లేదు, చూసింది చూసినట్టే చెప్పింది, మిగతాది అడగాల్సింది నేను అన్నాను. సీటు వస్తుందో రాదో తెలియకుండానే ఆదిలాబాద్ క్యాంపుకు పోయాను.

అత్త ఒక్కతే వచ్చింది. కుర్చీలో కూర్చుంటూనే, "మళ్ల నవ్వుడు మొదలువెట్టింది" అంది.

"కోడలేది అవ్వా? తల్లిగారింటికి తోలిచ్చినవా?"

"ఎందుకు తోలిస్త? ఇంటికాడ బీడీలు చేస్తుంది." వెనక్కి ఒకసారి చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చార్జర్ గడ్డిల దాస్తున్నది. ఎలుకలు కొరుకుతయని నేనే తీసి దూలం మీద వెట్టిన. ఎవలు వెట్టిన్రో దానికి తెల్వది."

ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"అది గోలీలు మింగినన్ని దినాలు నా కొడుకు శుక్రారం శుక్రారం ఫోన్ల ఏడ్చిండు. ఎందుకురా అంటే చెప్పకపాయె. గోలీల ముచ్చట మేమెవ్వలం చెప్పలే, మరి వానికెట్ల తెల్సె? జర ఆలోచిస్తే సమజైంది."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినవ్?"

"నా మాట వట్టుకొని దాన్ని పిచ్చిదని కాయిదం మీద రాసినవ్ గద బిడ్డా. గది కొట్టెయ్యి. నా ముంగట కొట్టెయ్యి. ఫోన్ ముచ్చట మాత్రం రాయకు, నాకు తెల్వదనే దాన్ని అనుకోనియ్యి."

కట్టలోంచి ఆ పాత కాగితం తీశాను. ఆమె చెప్పగా రాసుకున్న వరుసలన్నీ కొట్టేశాను. 'నమ్మదగినది, సరిపోతుంది' దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. నమ్మదగినది అన్న మాట ఉంచి, రెండోది మాత్రం కొట్టేశాను. ఆమెకు చదువు రాదు. ఎక్కడెక్కడ కొట్టేశానో చూపించమంది. ఒక్కో అడ్డగీత మీద వేలు పెట్టి చూసుకుని, బస్సుకు యాళ్లయిందని లేచింది.