కైట్ బోర్డు, నేను చెప్పిన బరువు

మన బరువు గురించి మనం చెప్పుకునే చిన్న అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదని మీరు నమ్ముతుంటే, దయచేసి ఇది చివరిదాకా చదవండి. నేను చెప్పిన అబద్ధం యూనివర్సిటీ గేటు దగ్గర రాకపోకలు ఆపేసింది. అక్కడితో ఆగక బాపట్ల వెళ్ళి మరీ నా పరువు తీసింది.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. బంద్‌లు పోగా మిగిలిన రోజుల్లో క్లాసులు జరిగేవి. మా నాన్న ఉద్యోగం మీద కాకినాడ నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. నా స్నేహితురాలు భాగ్యది జనగామ దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. హాస్టల్లో ఉండేది. రాష్ట్రం గురించి రోజూ పోట్లాడుకునేవాళ్ళం, ఆ పోట్లాట కూడా మా అమ్మ కట్టిచ్చిన ఒకే టిఫిన్ డబ్బా ముందు కూర్చుని.

ఒకరోజు క్యాంపస్ సాహస క్రీడల క్లబ్బు వాళ్ళు నోటీసు పెట్టారు. బాపట్ల దగ్గర బీచ్‌లో కైట్ సర్ఫింగ్ నేర్పుతారట, ఇద్దరు అమ్మాయిలకు చోటుందట. కాళ్ళకు బోర్డు తగిలించుకుని, నడుముకు పెద్ద గాలిపటం కట్టుకుని, గాలి ఎటు లాగితే అటు నీళ్ళ మీద దూసుకుపోయే ఆట అది. గాలిపటం వాళ్ళే ఇస్తారు. బోర్డు మాత్రం మనం తెచ్చుకోవాలి.

"మా బాయిల ఈత కొట్టిన గానీ సముద్రం ఎన్నడు జూడలే. పోదాం సుధా," అంది భాగ్య. "మీది కాకినాడ గదా, బోర్డు నువ్వే జూడు. నీకు ఎరుకుంటది."

నేను సముద్రాన్ని చూసింది చిన్నప్పుడు. అప్పుడు కూడా మా అమ్మ నా గౌను వెనక నుంచి పట్టుకుని మడమలు దాటి తడవనివ్వలేదు. కానీ తూర్పు గోదావరి జిల్లా గౌరవం మొత్తం ఆ క్షణాన నా భుజాల మీద పడింది.

"బోర్డుదేముందే, నేను చూస్తాగా," అన్నాను.

మా వీధి చివర జోసెఫ్ అంకుల్ ఉండేవారు. నేవీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర రకరకాల బోర్డులున్నాయని తెలిసి ఇద్దరం వెళ్ళాం. పెద్దది, మధ్యస్థం, చిన్నది, మూడు బోర్డులు తెచ్చి హాల్లో గోడకు ఆనించారు. చిన్నది ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. నా మనసు దాని మీదే పడింది.

"రంగు చూసి తీస్కునేది కాదు బేటా," అన్నారు అంకుల్. "మనిషి బరువును బట్టి బోర్డు. బరువు ఎక్కువైతే పెద్దది కావాలె. లేకుంటే నీళ్ళ మీద లేవదు. ఇద్దరికీ ఒకటే అంటున్నరు గదా, నీ వెయిట్ ఎంత?"

సరిగ్గా అప్పుడే ఆంటీ టీ పట్టుకుని వచ్చారు. ఆంటీ, మా అమ్మ కలిసి రోజూ వాకింగ్‌కి వెళతారు. హాల్లో చెప్పిన అంకె రేపు పొద్దున్న వీధంతా నడిచి వస్తుంది.

"నలభై ఎనిమిది," అన్నాను.

అంకుల్ నన్ను చూశారు. భాగ్య వైపు తిరిగారు. "నీది?"

"యాభై అంకుల్," అంది భాగ్య నిజాయితీగా.

భాగ్య నా పక్కన నిలబడితే రోకలి పక్కన అగ్గిపుల్లలా ఉంటుంది. అంకుల్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇద్దరినీ చూశారు.

"ష్యూరా బేటా?"

"మొన్నే చూసుకున్నాను అంకుల్."

భాగ్య టీ కప్పులోకి దగ్గింది. మర్యాదస్తుడైన అంకుల్ ఇంకేమీ అడగలేదు. చిన్న బోర్డు తీసి, పాదాలు దూర్చే పట్టీలు భాగ్య కాళ్ళ కొలతకు బిగించి ఇచ్చారు. వీధిలోకి రాగానే భాగ్య అడిగింది, "ఎవరి బరువు చెప్పినవే?"

"నీకు తెలీదులే. నీళ్ళలో బరువు తగ్గుతుంది. సైన్స్."

ఆ రోజు బంద్. ఆటోలు లేవు. భాగ్య గదిలో పెడదామని బోర్డు చంకన పెట్టుకుని హాస్టల్‌కి నడిచాం. యూనివర్సిటీ గేటు దగ్గర పోలీసులు ఆపారు.

"ఏందమ్మా అది?" అన్నాడు ఎస్సై.

"బోర్డు సార్."

"దాని మీద ఏం రాసిండ్రు?"

"ఏమీ రాయలేదు సార్."

"లోపటికి పోయినంక రాస్తరా?"

"అది రాసే బోర్డు కాదు సార్," అంది భాగ్య. "కాళ్ళకు ఏసుకొని సముద్రం మీద పోవాలె."

ఎస్సై అటూ ఇటూ చూశాడు. "తార్నాకల సముద్రం యాడున్నదమ్మా?"

మాటలతో లాభం లేదనుకున్నాను. బోర్డు రోడ్డు మీద పెట్టి, చెప్పులు విడిచి, పాదాలు పట్టీల్లో దూర్చాను. సగం వరకు బాగానే వెళ్ళాయి. బలంగా తొక్కితే మొత్తం వెళ్ళాయి. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఊహలో గాలిపటం పట్టుకుని చూపించాను.

"గింత చిన్నది, నిన్ను మోస్తదా?" అన్నాడు ఎస్సై. పోలీసువాళ్ళు మనిషిని చూసి అంచనా వేయగలరు. "సరే, తీసుకొని పోండి."

పాదాలు బయటికి రాలేదు. లాగాను. గుంజాను. భాగ్య నా చీలమండ పట్టుకుని లాగింది. బీరకాయ తొక్కలో దోసకాయ ఇరుక్కున్నట్టు ఉంది నా పరిస్థితి.

"పక్కకు జరుగమ్మా," అన్నాడు ఎస్సై.

"జరగలేను సార్."

అదే సమయానికి లోపలి నుంచి విద్యార్థుల ఊరేగింపు వస్తోంది. ముందు నడుస్తున్న కుర్రాడు నన్ను చూసి ఆగాడు. "ఏమైందక్కా?"

"పొమ్మంటున్నారు. కదల్లేకపోతున్నాను."

అతను వెనక్కి తిరిగి గట్టిగా చెప్పాడు. "అక్కను పొమ్మంటున్నరంట. అక్క కదలనంటున్నది."

"అయితే మనం గూడ కదలం," అన్నారు వెనకవాళ్ళు. అందరూ నా చుట్టూ రోడ్డు మీద కూర్చున్నారు. జై తెలంగాణ నినాదాలు మొదలయ్యాయి. కాకినాడ వెంకట్రావుగారి అమ్మాయిని, మధ్యలో ఎర్ర బోర్డు మీద చేతులు చాచి నిలబడి ఉన్నాను. ఎస్సై ముఖంలో చెమట చూసి నాకు భయం వేసింది. లాఠీలు లేస్తే అందరూ పరిగెత్తుతారు. నేను ఎలా పరిగెత్తను?

"నువ్వు గూడ అను," అంది భాగ్య చెవిలో.

అన్నాను. పోట్లాటల్లో ఒక్కసారి కూడా నా చేత అనిపించలేకపోయిన మాట అది. భాగ్య నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది. చివరికి హాస్టల్ నుంచి ఎవరో కొబ్బరినూనె తెచ్చి పాదాల మీద పోస్తే బయటపడ్డాను. ఎస్సై స్వయంగా బోర్డు నా చేతికిచ్చి, "ఇటు మళ్ళ తేవద్దు," అన్నాడు.

ఇంత జరిగాక నిజం ఒప్పుకుని పెద్ద బోర్డు తెచ్చుకోవచ్చు. ఆంటీ ముందు నిలబడి ఇంకో అంకె చెప్పాలి కదా. చెప్పలేదు. అదే బోర్డుతో బాపట్ల రైలెక్కాం.

బీచ్‌లో నేర్పే సత్తిరాజు బోర్డు చూసి మెచ్చుకున్నాడు. "మంచి బోర్డండి. ఈవిడకి సరిగ్గా సరిపోద్ది," అని భాగ్యను చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి, మన్ననగా అడిగాడు, "మరి మీ బోర్డు ఏదండీ?"

"ఇద్దరిదీ అదే."

"మీ బరువెంతండీ?"

"నలభై ఎనిమిది."

సత్తిరాజు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కాస్త దూరంలో చేపల వేలం జరుగుతోంది. నన్ను అక్కడికి తీసుకెళ్ళి, పెద్ద కాటా మీద గంప దింపించి, నన్ను ఎక్కమన్నాడు. వేలం పాడే పెద్దాయన ముల్లు చూశాడు. అలవాటైన గొంతుతో, ఒడ్డంతా వినబడేలా పలికాడు.

"అరవై తొమ్మిది. అరవై తొమ్మిది ఒకటోసారి. అరవై తొమ్మిది రెండోసారి."

మూడోసారి అనేలోపు దిగేశాను. గంపలతో నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకావిడ, "ఏం చేపమ్మా అది?" అని అడగనే అడిగింది.

ఆ సాయంత్రం భాగ్య అలల మీద నిలబడి, జనగామ వినబడేంత గట్టిగా కేకేసింది. నేను ఒడ్డున ఆమె చెప్పులు కాపలా కాశాను.

అప్పుడే సముద్రం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నీళ్ళ మీద తేలే వస్తువు ఏది ఎంచుకోవలసి వచ్చినా నా బరువు ఉన్నదున్నట్టు చెబుతాను. నేల మీది సంగతి మాత్రం ఆ ఒట్టులో చేర్చలేదు.