తిప్పే అంటెన్నా

2023 వానాకాలం. చేవెళ్లలోని నా టీవీ రిపేరు దుకాణానికి ఎంకపల్లి నుంచి రూతమ్మ ఫోన్ చేయడం ఆ నెలలో మూడోసారి. "అన్నా, డిష్ మల్ల తిరిగిపోయింది. జర వచ్చి పో." అంతకుముందు రెండుసార్లూ బోల్టులు బిగించింది నేనే. నా పనితనం మీద నాకే అనుమానం వచ్చింది. కాసేపు కోతులను తిట్టుకున్నాను, కాసేపు గాలిని.

వెళ్లాక అసలు సంగతి తెలిసింది. వాళ్ల నాన్న యోహాను బాపుకు మతిమరుపు జబ్బు. గట్టి వాన పడితే డిష్‌కు సిగ్నల్ అందదు. ఏడు గంటల వార్తలు ఆగిపోగానే బాపు కప్పు మీదికి మెట్లెక్కి, వెనకటి అంటెన్నా అనుకుని డిష్‌ను తిప్పేస్తాడు. ఆ వాడలో మొదటి అంటెన్నా నిలబెట్టింది ఆయనేనట.

"మొన్న తడి మెట్ల మీద జారిండన్నా. నేను పొయ్యి కాడ ఉన్న, సూసుకోలే. ఇంకోపారి పడితే లేవడు," అని రూతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

డిష్ బదులు, హైదరాబాద్ టవర్ నుంచి నేరుగా వచ్చే సర్కారు ఛానళ్లు పట్టే అంటెన్నా పెడదామన్నాను. వానకు బొమ్మ పోదు. అయినా కరెంటు పోయొస్తే చాలు, బాపు మళ్లీ మెట్లెక్కడానికి లేస్తాడు. అందుకని తెలివికి పోయాను. కప్పు మీద పొడుగాటి యాగీ, అంటే నడుమ కడ్డీకి అడ్డంగా పుల్లలుండే రకం, గట్టిగా బిగించాను. వసారా పక్కన ఒక పైపుకు పాత అంటెన్నా ఉత్తుత్తిగా తగిలించి, "ఇది తిప్పు బాపూ," అన్నాను.

ఆయన తిప్పలేదు. పైపును పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు.

"వైరేది?"

"లోపట ఉన్నది బాపూ."

"ఎవనికి చెప్తున్నవ్‌రా? వైరు లేక బొమ్మ ఎట్ల వస్తది? గిది పిట్టలు వాలనీకా?"

కూతురి పేరే ఒక్కోరోజు మరిచిపోయే మనిషి ఆయన. అలాంటాయనకు నా మోసం దొరికిపోయినందుకు సిగ్గేసింది.

మర్నాడు ఆ పైపు తీసేసి, కప్పును దాటేంత పొడుగు పైపు నిలబెట్టాను. వసారాలో నిలబడి తిప్పేలా, పైపును గోడకు పట్టే క్లాంపులు కాస్త వదులుగా ఉంచి, ఎర్తింగ్ ఇచ్చాను. ఉరుములుంటే ముట్టనివ్వొద్దని రూతమ్మకు గట్టిగా చెప్పాను. పొడుగు యాగీకి చూపు సన్నం, కొంచెం కదిలినా బొమ్మ పోతుంది. అందుకే దాన్ని కప్పు మీంచి దించేసి, తక్కువ పుల్లలున్న పొట్టిది పైపు కొసకు బిగించి, దాని వైరే టీవీకి ఇచ్చాను. అది అంత దూరం నుంచి సిగ్నల్ లాగదేమోనని భయపడ్డాను గానీ, పైపు ఎత్తు కాపాడింది.

వెనకట అంటెన్నా తిప్పాలంటే కప్పు మీద ఒకరు, కిటికీ దగ్గర ఒకరు, టీవీ ముందు వాడంతా. "వచ్చిందా?" "వచ్చె... వచ్చె... పాయె!" ఆ కేకల్లోనే నేను పని నేర్చుకున్నాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. ఇప్పుడు టీవీకి తగిలించే డిజిటల్ బాక్సు అలా కాదు, సిగ్నల్ పట్టాక కూడా బొమ్మ చూపడానికి కాసేపు తీసుకుంటుంది. తిప్పి ఆగాలని బాపుకు చెబితే, "గిదేం టీవీరా, అడిగితే ఆలోచించి చెప్తది," అన్నాడు.

ఆ వారమే ఇంకోసారి చూసి రావడానికి వెళ్లాను. సన్నగా వాన. కరెంటు పోయి వచ్చింది. బాపు లేచి మెట్ల వైపు కాకుండా వసారాలోకి నడిచాడు. పైపు రవ్వంత తిప్పి, "వచ్చిందా?" అని కేకేశాడు. రూతమ్మ తెర వైపే చూస్తూ ఆగింది. బొమ్మ నిలబడ్డాక, "వచ్చింది బాపూ!" అని అరిచింది. అది అబద్ధం కాకపోవడమే నాకు గొప్పగా అనిపించింది. ఆయన చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు ఎవరు అంటెన్నా కోసం వచ్చినా, ఇల్లు టవర్‌కు ఎంత దూరమని అడిగే ముందు, ఇంట్లో దాన్ని తిప్పేదెవరని అడుగుతాను. "ఈ రోజుల్ల ఎవరు తిప్పుతరన్నా?" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ, యోహాను బాపు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.