రేపల్లె మాస్టారి ఫోను లైను

మొన్న తెనాలిలో మా ఇంట్లో నెట్ బాగుచేసి వెళ్తున్నతన్ని మా కోడలు తెగ మెచ్చుకుంటుంటే, అతను మొహమాటంగా నవ్వాడు. పని చక్కగా కుదిరినప్పుడు వచ్చే ఆ నవ్వు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ అలాగే నవ్వాను, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మన వయసువాళ్ళకి చెప్పనక్కర్లేదు, సెల్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తీగనీ మోడెముకి తగిలిస్తే, అది కాసేపు కీచుమని, గరగరలాడి, చివరికి దయతలచి నెట్ ఇచ్చేది. నేను తెనాలిలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో ఉండేవాణ్ణి. నెట్ నత్తనడక నడుస్తోందనో, మాటిమాటికీ తెగిపోతోందనో కబురొస్తే, పాసింజరెక్కి వేమూరు మీదుగా రేపల్లెకో, బస్సెక్కి బాపట్లకో వెళ్ళి చూసిరావడం నా పని. నా చెయ్యి పడితే మొండి లైనైనా దారికొస్తుందని పేరు, ఆ పేరు వల్ల నాకు కాస్త పొగరూ ఉండేది.

రేపల్లెలో ఒక కంప్యూటర్ మాస్టారి భార్య తొలికాన్పుకి బాపట్లలో పుట్టింటికి వెళ్ళింది. ఆయన పాఠాల కోసం పెద్ద పెద్ద ఫైళ్ళు దించుకునేవాడు, ఒక్కోటి దిగడానికి నాలుగైదు గంటలు, మధ్యలో తెగితే మళ్ళీ మొదటికే. ఆయన కబురు పెడితే వెళ్ళాను, కారణం నాకు అరగంటలో తెలిసిపోయింది. ఆ ఫోనుకి కాల్ వెయిటింగ్ ఉంది, బయటినుంచి ఎవరు చేసినా నెట్ తెగి ఫోను మోగుతుంది. నేనున్న కాసేపట్లోనే మూడుసార్లు మోగింది, మూడుసార్లూ ఆయన అత్తగారే. మూడోసారి ఆవిడ గొంతు నాకూ వినిపించింది.

"అమ్మాయికి కాళ్ళు బాగా వాచినయ్యండి, పొద్దున్నుంచీ ఒకటే తలనొప్పంటంది."

"ఎనిమిదో నెల్లో అంతేలెండి అత్తయ్యగారూ" అని పెట్టేసి, చూశారుగా అన్నట్టు నావైపు తిరిగాడు. మా ఆవిడ రెండు కాన్పులు చూసినవాణ్ణి, ఆ వాపు మంచిది కాదని నాకు తెలుసు. నోటిదాకా వచ్చిన మాటని, ఇంటి విషయం మనకెందుకులే అని మింగేసి, ఫోనులో కోడు నొక్కి కాల్ వెయిటింగ్ తీసేశాను. ఇక నెట్ నడుస్తున్నంతసేపూ ఎవరు చేసినా వాళ్ళకి ఎంగేజ్ మోతే.

మర్నాడు సాయంత్రం ఐదింటికి ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాడు. "పొద్దుట్నించి ఒక్కసారి కూడా తెగలేదండి సార్" అన్నాడు. నేను ఉబ్బిపోయి, మోడెం సంగతులు చెబుతూ పది నిమిషాలు కూర్చోబెట్టాను. ఇంకో ఫైలు ఉందని పెట్టేశాడు.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం పన్నెండింటికే ఆ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలని డాక్టరమ్మ అంటే, అల్లుడిగారి మాట లేకుండా ఎలాగని అత్తమామలు ఆగారట. ఆసుపత్రి ఎదుటి ఫోను బూత్ నుంచి సాయంత్రందాకా ఆ నంబరే తిప్పుతూనే ఉన్నారు. చివరికి మామగారు బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకి రేపల్లెలో తలుపు తట్టారు. వీళ్ళు బాపట్ల చేరేసరికి డాక్టరమ్మ ఇక ఆగలేక ఆపరేషన్ చేసేసిందట, బిడ్డ ఉంది, తల్లి లేదు. రోజంతటిలో ఆ లైను నెట్ నుంచి ఖాళీ అయిన పది నిమిషాలూ నా గొప్పలకే సరిపోయాయి.

పదిహేను రోజులకి ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది కూడా. "ఆ వెయిటింగేదో మళ్ళీ పెట్టండి సార్. పాప అత్తయ్యగారి దగ్గరే ఉంటంది, ఆవిడ ఎప్పుడైనా చెయ్యొచ్చు" అన్నాడు. వెళ్ళి పెట్టి వచ్చాను, ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

ఇప్పుడు నెట్టూ మాటా ఒకదానికొకటి అడ్డురావు, ఎంగేజ్ మోత అంటే ఏంటో పిల్లలకి తెలియదు. మంచిదే, సంతోషమే. కానీ ఆ రోజు రేపల్లెలో ఆ అత్తగారి మాట నాకు స్పష్టంగానే అందింది. అందినా నోరు మెదపని మనిషికి ఎంత వేగం ఇచ్చి ఏం లాభం?